ఇంట్లో జబ్బు, చేతిలో పుస్తకం
పిల్లల్లో ఏకాగ్రత పెంచడానికి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో రెండు బాధ్యతలు ఒకేసారి నడుస్తున్నాయి. కిడ్నీ జబ్బుతో ఉన్న పెద్దవారిని చూసుకోవడం ఒకటి, పిల్లలను చదివించుకోవడం మరొకటి. డయాలసిస్ అవసరమైన వారిని వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి తీసుకురావాలి. వచ్చిన ప్రతిసారీ మిషను మీద సుమారు 4 గంటలు పడుతుంది. రానూ పోనూ ప్రయాణం వేరు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభం కావడంతో కొందరికి దూరాభారం తగ్గింది. అయినా ఇంటి బెంగ మాత్రం తగ్గేది కాదు.

ఇటువంటి ఇళ్ళలో తల్లులు తరచుగా అడిగే మాట ఒకటుంది. "మా వాడు పుస్తకం పట్టుకొని కూర్చుంటాడండీ, కానీ ఏమీ ఎక్కదు. బుర్రకు ఏదైనా టానిక్ రాయండి." టానిక్ రాయడం తేలికే. అయితే ఏకాగ్రత సీసాలో దొరికేది కాదు. అది ఎందుకు తగ్గుతుందో తెలిస్తే, చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అందుకోసమే ఈ వ్యాసం.

ఏకాగ్రత అంటే ఏమిటి?

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పప్పును వేరు చేసే ఆడవాళ్ళను గమనించండి. నిండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క వేస్తూ పోతారు. కన్ను, చేయి, మనసు మూడూ ఒకే పని మీద ఉంటాయి. ఎవరైనా పక్కన నిలబడి మాటిమాటికీ పిలుస్తూ ఉంటే ముక్క వెళ్ళి నిండు పప్పులో పడుతుంది. పనితనం ఎక్కడికీ పోలేదు. మనసు చీలింది, అంతే.

చదువు కూడా ఇలాంటిదే. మన మెదడు ఒక సమయంలో కొద్ది విషయాలను మాత్రమే పట్టి ఉంచుకోగలదు. ఆ కొద్ది చోటులోకి "నాన్నకు ఈ రోజు ఆయాసం ఎక్కువగా ఉంది", "రేపు బండి కిరాయికి డబ్బులు ఉన్నాయో లేవో" అన్న ఆలోచనలు వచ్చి కూర్చుంటే, లెక్కకూ పాఠానికీ చోటు మిగలదు. కాబట్టి చదవలేకపోతున్న పిల్లవాడిని "బద్ధకస్తుడు" అని తిట్టే ముందు, వాడి మనసులో ఏముందో ఒకసారి అడగండి.

మొదట శరీరం సంగతి చూడండి

1. నిద్ర: 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళ వారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరం. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పరీక్ష ముందు రాత్రంతా మేలుకొని చదివిన పిల్లవాడు విత్తనం చల్లి నీరు పెట్టని రైతు వంటివాడు. రాత్రివేళ జబ్బు మనిషికి నీళ్ళు అందించడం, పట్టుకొని లేపడం వంటి పనులు పెద్దవాళ్ళు వంతులు వేసుకొని చేయండి. బడికి వెళ్ళే పిల్లలను నిద్ర లేపకండి.

2. ఆహారం: ఉదయం ఏమీ తినకుండా బడికి వెళ్ళిన పిల్లలకు రెండో పీరియడు నుండే నీరసం వస్తుంది. పెద్ద ఖర్చు అక్కరలేదు. చద్దన్నం, పెరుగు, చోడి అంబలి, ఉడికించిన గుడ్డు, ఏదైనా చాలు. ఒక ముఖ్యమైన మాట. కిడ్నీ రోగికి డాక్టరు చెప్పిన పథ్యం రోగికి మాత్రమే. కొన్ని ఇళ్ళలో అందరికీ ఒకే వంట కావడంతో పప్పు, గుడ్డు, చేప, పండ్లు పిల్లలకు కూడా తగ్గిపోతున్నాయి. ఎదిగే పిల్లలకు ఇవన్నీ కావాలి. మంచినీళ్ళు కూడా అంతే. రోగికి కొలత ఉండవచ్చు, పిల్లలకు కొలత పెట్టవద్దు.

3. రక్తహీనత: త్వరగా అలసిపోవడం, కనురెప్పల లోపల పాలిపోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం రక్తహీనత లక్షణాలు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలోని 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. రజస్వల అయిన ఆడపిల్లల విషయంలో మరీ శ్రద్ధ తీసుకోవాలి. బడిలో వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రను మానిపించవద్దు. భోజనం తరువాత వేసుకోవాలి, టీతో కలిపి వేసుకోకూడదు. విరేచనం నల్లగా వస్తే కంగారు పడనవసరం లేదు. మునగాకు, తోటకూర తినేటప్పుడు నిమ్మరసం పిండుకొంటే లేదా వెంట జామపండు తింటే, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

4. కడుపులో పురుగులు: నులిపురుగులు కూడా రక్తాన్ని తగ్గిస్తాయి. జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమం 2015లో మొదలైంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆ రోజు పిల్లలను తప్పకుండా పంపండి.

5. కళ్ళు, చెవులు: నల్లబల్ల మీద అక్షరాలు కనిపించని పిల్లలు కాసేపు ప్రయత్నించి ఊరుకొంటారు. చూసేవారికి అది అశ్రద్ధలా కనిపిస్తుంది. కళ్ళు చిట్లించి చూడడం, పుస్తకం మరీ దగ్గరగా పట్టుకోవడం, సాయంత్రం తలనొప్పి ఉంటే కంటి పరీక్ష చేయించండి. కంటి వైద్యం మన ప్రాంతానికి కొత్తది కాదు. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రికి సాయం చేయాలనే ఉద్దేశంతోనే 1963లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. మనకు అందుబాటులో ఉన్న పరీక్షను మనమే నిర్లక్ష్యం చేయడం తగదు. అలాగే చెవిలో చీము కారుతున్నా, పిలిస్తే ఒకటికి రెండుసార్లు "ఆఁ" అంటున్నా చెవులు చూపించండి.

6. నొప్పి మాత్రలు: చదువుతుంటే తలనొప్పి అని చెప్పగానే దుకాణంలో నొప్పి మాత్ర కొని వేయడం చాలామందికి అలవాటు. కొన్ని రకాల నొప్పి మాత్రలు తరచుగా వాడితే కిడ్నీలకు హాని చేస్తాయి. కిడ్నీ జబ్బుల బాధ ఎంతో మన ఉద్దానం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. డాక్టరు సలహా లేకుండా పిల్లలకు ఈ మాత్రలు ఇవ్వకండి. తలనొప్పికి కారణం చాలాసార్లు నిద్రలేమి, ఆకలి, నీళ్ళు తాగకపోవడం, లేదా చూపు లోపం.

పిల్లల మనసులో ఉన్న బెంగ

ఇంట్లో పెద్దవారికి జబ్బు చేసినప్పుడు పిల్లల దగ్గర మాటలు తగ్గించేస్తాం. "చిన్నవాళ్ళు, వాళ్ళకెందుకు" అనుకొంటాం. కానీ పిల్లలు గోడ అవతల నుండి సగం సగం మాటలు వింటారు. మిగిలిన సగం తమకు తామే ఊహించుకొంటారు. ఆ ఊహ ఎప్పుడూ నిజం కంటే భయంకరంగానే ఉంటుంది.

కాబట్టి వయసుకు తగినట్టుగా నిజం చెప్పండి. "నాన్న కిడ్నీలు సరిగా పని చేయడం లేదు. అవి చేయవలసిన పనిలో కొంత మిషను చేస్తుంది. అందుకే వారానికి మూడు రోజులు వెళ్తున్నాం. ఆ రోజుల్లో పిన్ని వచ్చి మీకు అన్నం పెడుతుంది." ఇంత చెబితే చాలు. రేపు ఏమి జరుగుతుందో తెలిసిన పిల్లవాడి మనసు కొంత కుదుటపడుతుంది.

పిల్లలు పైకి అడగకపోయినా లోపల ఉండే ప్రశ్న మరొకటి: "నాకూ ఈ జబ్బు వస్తుందా?" మన ప్రాంతంలో ఈ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అందువల్ల వస్తుందని గాని, రాదని గాని ఒట్టు వేసి చెప్పలేము. "ఇంట్లో ఒకరికి వచ్చినంత మాత్రాన అందరికీ వచ్చి తీరాలని లేదు. అవసరమైతే రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయిస్తాం. ముందుగా తెలిస్తే జాగ్రత్త పడవచ్చు" అని చెప్పండి. పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరును అడగండి. మనసులో నలిగే ప్రశ్నకు ఒక దారి దొరికితే పాఠం మీద ధ్యాస తిరిగి వస్తుంది.

ఇంకొక మాట మనసులో పెట్టుకోండి. "నువ్వు చదివి ఉద్యోగం చేస్తేనే మా బతుకు" అని రోజూ అనకండి. ప్రేమతోనే అంటారు, నిజమే. కాని పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ మాట పుస్తకం మీద పెట్టిన బండరాయి అవుతుంది. "ఈ రోజు ఈ పాఠం చూసుకో, మిగతా సంగతి మేము చూసుకొంటాం" అనండి. ఒక్క పాఠాన్ని ఎవరైనా మోయగలరు.

పనుల పంపకం

జబ్బు ఉన్న ఇంట్లో పిల్లలు పని చేయకూడదని కాదు. నాన్నకు మందులు అందించడం, తమ్ముడిని చూసుకోవడం వారికి మంచి అలవాట్లే. అయితే బరువంతా ఒక్కరి మీదే పడకూడదు. సాధారణంగా అది ఇంట్లోని పెద్ద ఆడపిల్ల మీద పడుతుంది. వంట, నీళ్ళు, అంట్లు, పైగా ఇంటికి తెచ్చుకొన్న జీడిపప్పు పొట్టు తీసే పని. అన్నీ అయ్యాక రాత్రి 10 గంటలకు పుస్తకం తీస్తే ఆ అమ్మాయికి ఏకాగ్రత ఎలా వస్తుంది?

ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక కాగితం మీద రాసుకోండి. డయాలసిస్ రోజుల్లో వెంట ఎవరు వెళ్ళాలి, వంట ఎవరు చేయాలి, పశువులను ఎవరు చూడాలి. ప్రతిసారీ ఒకే పిల్లను బడి మానిపించి ఆసుపత్రికి తోడు తీసుకురావద్దు. బంధువులు, ఇరుగుపొరుగు "ఏమైనా సాయం కావాలా" అని అడిగినప్పుడు మొహమాటపడకుండా "సాయంత్రం రెండు గంటలు మా ఆయన దగ్గర కూర్చోండి, పిల్ల చదువుకొంటుంది" అని చెప్పండి. చేసే మనసున్న వారికి కూడా ఏమి చేయాలో చెబితేనే తెలుస్తుంది.

చోటు, వేళ, ఫోను

వేరే గది లేదని బాధపడనవసరం లేదు. ఇంట్లో ఒక మూల చాలు. అయితే ఆ మూల ప్రతిరోజూ ఒకటే కావాలి. అక్కడ కూర్చోగానే మనసు "ఇది చదువుకొనే చోటు" అని సర్దుకొంటుంది. టీవీకి వీపు పెట్టి కూర్చోవాలి. కుడిచేతితో రాసేవారికి దీపం ఎడమ పక్క నుండి పడితే రాత మీద నీడ పడదు. మంచం మీద పడుకొని చదివితే చదువుకు బదులు నిద్ర వస్తుంది.

వేళ కూడా ఒకటే ఉండాలి. ఆ గంటన్నర, రెండు గంటలు పిల్లలను చిన్న చిన్న పనులకు లేపవద్దు. దుకాణానికి పంపడం వంటివి ముందే చేయించుకోండి.

చాలా ఇళ్ళలో ఫోను ఒకటే ఉంటుంది. ఆసుపత్రి నుండి పిలుపు వస్తుందేమోనని దాన్ని ఆపలేము. చదివే వేళలో ఆ ఫోను నాయనమ్మ దగ్గరో, అమ్మ దగ్గరో వేరే గదిలో ఉండాలి. 2017లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు సుమారు 800 మందిని పరీక్షించారు. ఫోను బల్ల మీద పెట్టుకొన్న వారి కంటే వేరే గదిలో వదిలి వచ్చిన వారు పరీక్షలో మెరుగ్గా చేశారు. తరువాత జరిగిన కొన్ని పరిశీలనల్లో ఆ తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. అయినా మధ్యలో మోగే ఫోను ధ్యాసను చెడగొడుతుందన్నది మనకందరికీ అనుభవమే.

చదివే పద్ధతి

కొద్ది కొద్దిగా చదవాలి: ఏకబిగిన మూడు గంటలు కూర్చోమని బలవంతం చేయవద్దు. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం మంచి పద్ధతి. ఇటలీకి చెందిన ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే విద్యార్థి 1980ల చివరలో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం పెట్టుకొని ఇలా చదివాడు. ఇప్పుడది ప్రపంచమంతటా వాడుకలో ఉంది. విరామంలో లేచి నడవాలి, నీళ్ళు తాగాలి. ఫోను మాత్రం పట్టుకోకూడదు. ఐదు నిమిషాలని పట్టుకొంటే అరగంట పోతుంది.

మళ్ళీ మళ్ళీ చూడాలి: జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల వరుసలు బట్టీపట్టి, ఎంతకాలం గుర్తుంటాయో తన మీద తానే ప్రయోగం చేసి 1885లో ప్రకటించాడు. ఒక గంటలోనే సగానికి పైగా జారిపోయింది. కాబట్టి మరచిపోవడం మొద్దుతనం కాదు, మెదడు స్వభావం. ఈ రోజు చదివినది రేపు ఒకసారి, వారం తరువాత మరోసారి చూసుకొంటే నిలబడుతుంది.

పుస్తకం మూసి చెప్పాలి: 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను రెండు విధాలుగా చదివించారు. కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. వారం తరువాత చూస్తే మళ్ళీ చదివిన వారికి 42 శాతం, మూసి రాసిన వారికి 56 శాతం గుర్తుంది.

ఇందులో జబ్బు పడిన తండ్రికో తల్లికో ఒక మంచి పని ఉంది. మంచం మీద ఉన్నవారు "ఈ రోజు బడిలో ఏమి చెప్పారు? నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగవచ్చు. అడిగేవారికి చదువు రాకపోయినా ఫరవాలేదు. "అంటే ఏమిటి? ఎందుకు అలా అవుతుంది?" అని రెండు ప్రశ్నలు వేస్తే చాలు. చెప్పే పిల్లవాడికి పాఠం గట్టిపడుతుంది. వినే పెద్దవారికి "నేను ఇంకా ఇంటికి పనికి వస్తున్నాను" అనే ధైర్యం కలుగుతుంది. ఒంట్లో ఓపిక ఉన్న రోజున పది నిమిషాలు చాలు.

బెంగను కాగితం మీద పెట్టాలి: చదువు మధ్యలో ఏదైనా ఆలోచన వస్తే పక్కనున్న కాగితం మీద ఒక్క ముక్క రాసి మళ్ళీ పుస్తకంలోకి రావాలి. "మందుల చీటీ", "బండి డబ్బులు" అని రాసుకొంటే, అది పోతుందేమో అన్న భయం మనసుకు ఉండదు. చదువు అయ్యాక ఆ కాగితం చూసి అమ్మతో మాట్లాడాలి.

తుఫాను తరువాత

2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. ఈ రెండు పేర్లూ మన తీరంలో ఎవరూ మరచిపోలేరు. తిత్లీ పలాస దగ్గరలోనే తీరం దాటింది. ఏళ్ళ తరబడి పెంచుకొన్న కొబ్బరి, జీడి చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. అటువంటి విపత్తు తరువాత కొన్ని వారాలు పిల్లలకు నిద్ర పట్టకపోవడం, గాలి వీస్తే ఉలిక్కిపడడం, చదువు ఎక్కకపోవడం సహజం. వీలైనంత త్వరగా తిండి, నిద్ర, బడి వేళలను మామూలు స్థితికి తీసుకురండి. భయం గురించి మాట్లాడనివ్వండి, ఎగతాళి చేయకండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకురావాలి?

• మాట్లాడుతూ, చదువుతూ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోవడం, పిలిచినా పలకకపోవడం. ఇది ఒక రకం మూర్ఛ కావచ్చు. మందులతో అదుపు చేయవచ్చు. గాలి, ధూళి అని తిప్పకండి.
• చిన్నతనం నుండీ బడిలోనూ ఇంట్లోనూ ఒక చోట కుదురుగా ఉండలేకపోవడం, ఏ పనీ పూర్తి చేయలేకపోవడం.
• తెలివిగా మాట్లాడుతూనే చదవడంలో, రాయడంలో మాత్రం తోటివారి కంటే బాగా వెనుకబడడం.
• ముఖం, కాళ్ళు వాచడం, మూత్రం ఎర్రగా లేదా నురగగా రావడం.
• రెండు వారాలకు పైగా దిగులుగా ఉండడం, ఆటలు మానేయడం, తిండి, నిద్ర తగ్గడం.
• "నేను లేకపోతే బాగుండును" వంటి మాటలు. ఇవి విన్న వెంటనే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: జ్ఞాపకశక్తి పెంచే టానిక్‌లు పని చేస్తాయా?
జవాబు: ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇవి జ్ఞాపకశక్తిని పెంచుతాయనడానికి గట్టి రుజువులు లేవు. రక్తహీనత వంటి లోపం ఉంటే దానికి తగిన మందు డాక్టరు ఇస్తారు. ఆ సీసా డబ్బులతో గుడ్లు, పండ్లు కొనండి.

ప్రశ్న: తెల్లవారుజామున చదివితే మంచిదా, రాత్రి మంచిదా?
జవాబు: నిద్ర తగ్గకుండా ఉంటే ఏదైనా మంచిదే. 4 గంటలకు లేపాలంటే 8 గంటలకే పడుకోబెట్టాలి. రాత్రి 11 వరకు టీవీ నడిచే ఇంట్లో తెల్లవారుజాము చదువు కుదరదు.

ప్రశ్న: పరీక్షల సమయంలో నాన్నగారికి జబ్బు ఎక్కువైతే పిల్లలకు చెప్పాలా, దాచాలా?
జవాబు: పూర్తిగా దాచితే తరువాత మీ మాట నమ్మరు. "ఆసుపత్రిలో చేర్చాం, పెద్దమామయ్య దగ్గరున్నాడు, సాయంత్రం నీతో మాట్లాడిస్తాం" అని చెప్పండి. ఉపాధ్యాయులకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

గుర్తుంచుకోండి

నిద్ర చాలాలి. ఉదయం ఏదో ఒకటి తినాలి. కళ్ళు, రక్తం పరీక్ష చేయించాలి. చదివే చోటు, వేళ మారకూడదు. ఫోను వేరే గదిలో ఉండాలి. 25 నిమిషాలు చదివి, పుస్తకం మూసి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. అన్నింటికంటే ముందు, పిల్లల మనసులో ఉన్న బెంగను ఎవరో ఒకరు కూర్చొని వినాలి.

ఈ మార్పులన్నీ ఒకేరోజున చేయలేరు. ఈ వారం ఒకటి, వచ్చే వారం మరొకటి మొదలుపెట్టండి. రోగికి తోడుగా ఆసుపత్రికి వచ్చినప్పుడు పిల్లల సంగతి కూడా డాక్టరుకో, నర్సుకో చెప్పండి. జబ్బు ఒకరిదే అయినా దాని బరువు ఇంట్లో అందరి మీదా పడుతుంది కదా. అందులో పిల్లల వంతు ఎంతవరకు తగ్గించగలిగితే, వారి చదువు అంతవరకు ముందుకు సాగుతుంది.